ప్రజాధనం – శాసనసభ పరిశీలన

ప్రవేశిక

ప్రభుత్వం తలపెట్టే ప్రతి కార్యానికీ ధనం కావాలి. ఆ ధనం ప్రజలు పన్నుల రూపంలో చెల్లించినది. దానిని ఖర్చు చేయడానికి ముందు ప్రభుత్వం ఎవరి అనుమతి పొందాలి? ఖర్చు చేసిన తరువాత ఎవరికి లెక్క చెప్పాలి? రాష్ట్ర శాసనసభ, దాని సంఘాలు ఈ బాధ్యతను ఏ విధంగా నిర్వహిస్తాయో ఈ పాఠం వివరిస్తుంది.

1. కోశం నుండి సంచిత నిధి వరకు

స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అనే ఏడింటినీ రాజ్యాంగాలుగా ప్రాచీన రాజనీతిజ్ఞులు పేర్కొన్నారు. వీటిలో కోశం, అంటే ధనాగారం, బలహీనపడితే తక్కినవి ఎంతో కాలం నిలువవని వారికి తెలుసు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో ఆదాయ వ్యయాల లెక్కలు రాయవలసిన పద్ధతిని నిర్దేశించడమే కాక, రాజోద్యోగులు రాజధనాన్ని అపహరించే మార్గాలు నలభై ఉన్నాయని వాటిని లెక్కించి మరీ చూపాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో యామునాచార్యుని ముఖాన చెప్పించిన రాజనీతిలో, ఆదాయాన్ని నాలుగు పాళ్లు చేసి రెండు పాళ్లు సైన్యానికి, ఒక పాలు దానభోగాలకు వినియోగించి, మిగిలిన పాలును కోశంలో నిలువ చేయాలన్న సూచన ఉంది.

ఈ ఉపదేశాలన్నీ రాజును ఉద్దేశించినవి. రాజు వివేకి అయితే వాటిని పాటిస్తాడు. కాకపోతే ఆయనను నిలదీసి అడిగే అధికారం పన్ను కట్టిన రైతుకు గాని, వర్తకునికి గాని లేదు. ప్రజాస్వామ్యం తెచ్చిన మార్పు ఇక్కడే ఉంది. ధర్మబుద్ధిపై ఆధారపడిన నియమాన్ని అది శాసనబద్ధం చేసింది.

భారత రాజ్యాంగంలోని 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతించనిదే ఏ పన్నునూ విధించరాదు, వసూలు చేయరాదు. 266వ అధికరణం ప్రకారం రాష్ట్రానికి వచ్చే పన్నులు, తెచ్చిన అప్పులు, తిరిగి వసూలైన రుణాలు అన్నీ ‘సంచిత నిధి’లో చేరుతాయి. చట్టం అనుమతించిన మేరకు, రాజ్యాంగం చెప్పిన పద్ధతిలో తప్ప ఆ నిధి నుండి ఒక్క రూపాయి కూడా తీయరాదు. ధనం వచ్చే ద్వారానికీ, పోయే ద్వారానికీ చట్టసభ అనుమతే తాళంచెవి.

2. బిల్లులలో భేదాలు

సభ ముందుకు వచ్చే చట్ట ప్రతిపాదనను బిల్లు అంటారు. ధనంతో గల సంబంధాన్ని బట్టి బిల్లులను మూడు విధాలుగా గుర్తించవచ్చు.

పన్నుల విధింపు, మార్పు, రద్దు. ప్రభుత్వం అప్పు తీసుకోవడం. సంచిత నిధిలో ధనం జమచేయడం, దాని నుండి తీయడం వంటి అంశాలు మాత్రమే ఉన్న బిల్లు ‘ద్రవ్య బిల్లు’. 199వ అధికరణం దీనిని నిర్వచించింది. ఒక బిల్లు ద్రవ్య బిల్లా, కాదా అనే సందేహం వస్తే శాసనసభాపతి నిర్ణయమే అంతిమం. జరిమానాలు, లైసెన్సు రుసుములు విధించినంత మాత్రాన ఏ బిల్లూ ద్రవ్య బిల్లు కాదు.

ఇటువంటి ద్రవ్య విషయాలతో పాటు ఇతర విషయాలు కూడా కలిసి ఉన్న బిల్లును, లేదా అమలులోకి వస్తే సంచిత నిధిపై వ్యయభారం మోపే బిల్లును ‘ఆర్థిక బిల్లు’ అని వ్యవహరిస్తారు. 207వ అధికరణం వీటికి వర్తిస్తుంది. ధనంతో ఇటువంటి సంబంధం లేని తక్కినవన్నీ సాధారణ బిల్లులు.

ద్రవ్య బిల్లును శాసనసభలోనే ప్రవేశపెట్టాలి. శాసన మండలిలో ప్రవేశపెట్టరాదు. పన్నును తగ్గించే లేదా రద్దు చేసే ప్రతిపాదనకు తప్ప, దీనికి గవర్నరు సిఫారసు ముందుగా అవసరం. వ్యయభారం గల బిల్లును సభ ఆమోదించాలన్నా గవర్నరు సిఫారసు ఉండాలి. గవర్నరు మంత్రిమండలి సలహాపై వ్యవహరిస్తాడు. కనుక ధనం కావాలని అడిగే హక్కు ఆచరణలో ప్రభుత్వానికి మాత్రమే ఉంది. సభ దానిని ఇవ్వవచ్చు, తగ్గించవచ్చు, నిరాకరించవచ్చు. తనంతట తాను పెంచలేదు. అడిగేవారు ఒకరు, ఇచ్చేవారు వేరొకరు కావాలన్నది ఈ ఏర్పాటులోని ఆంతర్యం.

3. ఒక బిల్లు – మూడు ప్రశ్నలు

ఒక వెనుకబడిన జిల్లాలో కొత్త విశ్వవిద్యాలయాన్ని స్థాపించడానికి ప్రభుత్వం బిల్లు తెచ్చిందనుకొందాం. విద్యను విస్తరింపజేసే బిల్లును వ్యతిరేకించే సభ్యుడు సాధారణంగా ఉండడు. అయినా దానిని పరిశీలించవలసిన అవసరం తొలగిపోదు. వ్యయంతో కూడిన ప్రతి బిల్లుకూ ‘ఆర్థిక వివరణ పత్రం’ జతచేయాలని సభా నియమాలు నిర్దేశిస్తాయి. పరిశీలన ఆ పత్రంతో మొదలవుతుంది.

మొదటి ప్రశ్న: ఎంత? ఈ ప్రశ్నకు రెండు సమాధానాలుంటాయి. భవనాలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం మొదలైన వాటికి అయ్యేది ఒకసారి చేసే ఖర్చు. ఆచార్యుల జీతాలు, విద్యుత్తు, నిర్వహణ మొదలైన వాటికి అయ్యేది ఏటేటా చేయవలసిన ఖర్చు. శంకుస్థాపన నాడు అందరి కళ్లకూ కనిపించేది మొదటిది. విశ్వవిద్యాలయం బ్రతికి ఉండటానికి ఆధారమైనది రెండవది. జీతాలకు నిధులు లేక బోధన పోస్టులు ఖాళీగా మిగిలితే భవనాలు మాత్రమే మిగులుతాయి. అందువల్ల రెండవ అంకెను గురించి అడగడం బిల్లును వ్యతిరేకించడం కాదు. ఆ విద్యాసంస్థ భవిష్యత్తును కాపాడటం.

రెండవ ప్రశ్న: ఎక్కడి నుండి? కొత్త పన్ను వేస్తారా, అప్పు తెస్తారా, మరొక శాఖకు కేటాయింపు తగ్గిస్తారా అన్నది తేలాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి జరగక తప్పదు.

మూడవ ప్రశ్న: ఎందుకు ఇలాగే? ఉన్న కళాశాలలను బలపరిస్తే అదే ప్రయోజనం తక్కువ ధనంతో నెరవేరుతుందా అని అడగటం దీని ఉద్దేశం. సమాధానం ‘నెరవేరదు’ అయినప్పటికీ, ప్రశ్న అడిగినందువల్ల ఆ బిల్లుకు గల ఆవశ్యకత రుజువవుతుంది.

4. బడ్జెట్ – ద్రవ్యవినియోగ బిల్లు

ఏడాదికొకసారి వచ్చే బడ్జెట్‌కు కూడా ఈ ప్రశ్నలే వర్తిస్తాయి. 202వ అధికరణం దీనిని ‘వార్షిక ఆర్థిక నివేదిక’ అంటుంది. ఆర్థికమంత్రి దీనిని సభకు సమర్పించిన తరువాత సాధారణ చర్చ జరుగుతుంది. అనంతరం ప్రతి శాఖకూ కావలసిన మొత్తాన్ని ‘గ్రాంట్ల డిమాండ్ల’ రూపంలో ప్రభుత్వం అడుగుతుంది.

డిమాండును తగ్గించాలని సభ్యులు ‘కోత తీర్మానాలు’ ప్రతిపాదించవచ్చు. విధానాన్నే నిరసించదలచినవారు డిమాండును ఒక రూపాయికి తగ్గించాలంటారు. పొదుపు కోరేవారు నిర్ణీతమైన మొత్తాన్ని తగ్గించాలంటారు. ప్రత్యేకమైన ఒక సమస్యను సభ దృష్టికి తేదలచినవారు నూరు రూపాయలు తగ్గించాలంటారు. ప్రభుత్వానికి మెజారిటీ ఉన్నంతవరకు ఇవి సాధారణంగా నెగ్గవు. అయితే ఎండిన చెరువు, తెరవని ఆసుపత్రి, ఉపాధ్యాయుడు లేని బడి సభలో చర్చకు వచ్చే మార్గాలలో ఆ నూరు రూపాయల తీర్మానం ఒకటి.

సభ ఓటుకు రాని వ్యయం కూడా కొంత ఉంటుంది. గవర్నరు, సభాపతి, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, ప్రభుత్వ రుణాలపై వడ్డీ, న్యాయస్థానాల తీర్పుల మేరకు చెల్లించవలసిన మొత్తాలు సంచిత నిధికి నేరుగా భారమవుతాయి. వీటిపై చర్చ ఉంటుంది గాని ఓటింగు ఉండదు. న్యాయమూర్తి జీతం సభలోని మెజారిటీ దయపై ఆధారపడరాదు. అప్పిచ్చినవారికి ఇచ్చిన మాట తప్పరాదు. ఈ ఏర్పాటు సమంజసమైనదే. కాని దీనివల్ల గ్రహించవలసిన మరొక విషయం ఉంది. ఈనాడు తెచ్చిన అప్పుకు రాబోయే ఏళ్లలో కట్టవలసిన వడ్డీని ఆనాటి సభ తగ్గించలేదు. అందువల్ల అప్పుపై ప్రశ్న తెచ్చేముందే రావాలి.

డిమాండ్లు ఆమోదం పొందిన తరువాత, 204వ అధికరణం ప్రకారం వాటన్నిటినీ, ఓటుకు రాని వ్యయాన్నీ కలిపి ‘ద్రవ్యవినియోగ బిల్లు’ను ప్రవేశపెడతారు. అది చట్టమైన తరువాతనే ఖజానా తలుపు తెరుచుకుంటుంది. కొత్త సంవత్సరం ఆరంభమయ్యే ఏప్రిల్ 1 నాటికి ఈ ప్రక్రియ ముగియకపోతే, కొద్ది నెలల ఖర్చుకు ‘ఓట్ ఆన్ అకౌంట్’ అనే తాత్కాలిక అనుమతి పొందుతారు.

ఇంత పకడ్బందీగా కనిపించే ఈ పద్ధతికి ఒక పెద్ద శత్రువు ఉంది. అది కాలాభావం. చర్చకు కేటాయించిన రోజులు ముగిసేసరికి అనేక డిమాండ్లు మిగిలిపోతాయి. చివరి రోజున వాటన్నిటినీ చర్చ లేకుండానే ఓటుకు పెట్టి ఆమోదిస్తారు. చట్టసభల పరిభాషలో దీనికి ‘గిలటిన్’ అని పేరు. ఫ్రెంచి విప్లవకాలంలో తలలు నరికిన యంత్రం పేరు అది. ఇక్కడ తెగిపడేది చర్చ.

5. సంఘాల ఆవశ్యకత

వందమందికి పైగా సభ్యులున్న సభలో, కొద్ది రోజుల వ్యవధిలో, బిల్లులోని ప్రతి నిబంధనను విడదీసి చూడటం సాధ్యం కాదు. ఈ లోటును తీర్చడానికి ఏర్పడినవే శాసనసభా సంఘాలు. సంఘంలో సభ్యులు కొద్దిమంది ఉంటారు. అన్ని పక్షాలవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. అధికారులను పిలిచి వివరాలు అడుగుతారు. బహిరంగ సభలో ఉపన్యసించే నేర్పు కంటె కాగితాలు చదివే ఓపిక అక్కడ ఎక్కువగా అక్కరకు వస్తుంది.

ఈ విషయంలో కేరళ శాసనసభ మార్గదర్శకమైంది. 1980లోనే అది శాఖలవారీగా సబ్జెక్టు కమిటీలను ఏర్పరచింది. పార్లమెంటులో పూర్తిస్థాయి శాఖాపరమైన స్థాయీ సంఘాలు 1993లో గాని రాలేదు. కేరళలో బిల్లును ప్రవేశపెట్టిన తరువాత సంబంధిత సబ్జెక్టు కమిటీకి పంపడం సాధారణ పద్ధతి. పన్నుల ప్రతిపాదనలున్న బిల్లు ఆర్థిక వ్యవహారాల కమిటీ ముందుకు వస్తుంది.

అక్కడ పరిశీలన నిబంధనల వరుసలో సాగుతుంది. ఒక పన్ను రేటును మార్చే నిబంధన ఉంటే, ఆ భారం చివరకు ఎవరిపై పడుతుంది, చిన్న వ్యాపారికి మినహాయింపు ఉందా, వాడిన పదాలకు రెండర్థాలు వచ్చే అవకాశం ఉందా అని సభ్యులు విచారిస్తారు. అవసరమైతే సవరణలు సూచిస్తారు. ఏకీభవించని సభ్యులు తమ భిన్నాభిప్రాయాన్ని రాతపూర్వకంగా నివేదికకు జతచేయవచ్చు. ఈ నివేదికతో కూడిన బిల్లు తిరిగి సభకు వచ్చి, చర్చ జరిగి ఆమోదం పొందుతుంది. సంఘం సలహా ఇస్తుంది, నిర్ణయాధికారం సభదే. గ్రాంట్ల డిమాండ్లను కూడా ఈ కమిటీలు పరిశీలిస్తాయి.

ఈ పద్ధతికీ ఒక పరిమితి ఉంది. కేరళలో సంబంధిత మంత్రే సబ్జెక్టు కమిటీకి అధ్యక్షత వహిస్తాడు. పార్లమెంటరీ స్థాయీ సంఘాలలోనైతే మంత్రులకు సభ్యత్వమే లేదు. మంత్రి ఉంటే సమాచారం త్వరగా అందుతుంది, సవరణలకు అప్పటికప్పుడే అంగీకారం లభిస్తుంది. మంత్రి లేకపోతే సభ్యులు, అధికారులు నిస్సంకోచంగా మాట్లాడతారు. ఏది మేలన్న విషయంలో రెండు వాదనలకూ బలం ఉంది.

ప్రతి బిల్లునూ సంఘానికి పంపే ఆచారం అన్ని రాష్ట్రాలలోనూ లేదు. సభ కోరినప్పుడు మాత్రమే సెలెక్ట్ కమిటీని నియమించే పద్ధతి పలుచోట్ల ఉంది. అటువంటిచోట్ల ప్రవేశపెట్టిన నాడో, మరునాడో బిల్లు ఆమోదం పొందే సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. అప్పుడు ఆర్థిక వివరణ పత్రాన్ని చదివే వ్యవధి కూడా సభ్యులకు చిక్కదు.

6. పద్నాలుగు రోజుల నిరీక్షణ

ఆర్థిక బిల్లుల ప్రక్రియ గ్రంథస్థమైన విషయం మాత్రమే కాదు. అది ఇంటింటి జీవితాన్ని తాకగలదని ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జరిగిన ఒక సంఘటన తెలుపుతుంది.

రెండు సభలున్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. 198వ అధికరణం ప్రకారం శాసనసభ ఆమోదించిన ద్రవ్య బిల్లును మండలి తిరస్కరించలేదు. పద్నాలుగు రోజులలోగా తన సిఫారసులతో తిప్పి పంపాలి. సిఫారసులను అంగీకరించడం, మానడం శాసనసభ ఇష్టం. మండలి తిప్పి పంపకపోతే పద్నాలుగు రోజులు గడిచిన వెంటనే ఆ బిల్లును ఉభయ సభలూ ఆమోదించినట్లుగానే భావిస్తారు.

2020 మార్చిలో కరోనా వ్యాప్తి కారణంగా బడ్జెట్ సమావేశాలు జరగలేదు. మొదటి మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సు ద్వారా ఓట్ ఆన్ అకౌంట్ ఏర్పాటు జరిగింది. దాని గడువు జూన్ 30తో ముగుస్తుంది. జూన్ 16న బడ్జెట్‌ను సమర్పించారు. శాసనసభ ద్రవ్యవినియోగ బిల్లును ఆమోదించింది. మండలిలో ఇతర బిల్లుల విషయమై వివాదం చెలరేగి, ద్రవ్యవినియోగ బిల్లు చర్చకు రాకుండానే జూన్ 17న సభ నిరవధికంగా వాయిదా పడింది. రాజ్యాంగం చెప్పిన పద్నాలుగు రోజులు గడిచేదాకా వేచి ఉండటం తప్ప ప్రభుత్వానికి మార్గాంతరం లేకపోయింది. ఈలోగా జూలై 1 వచ్చింది. నెల మొదటి రోజున అందవలసిన ఉద్యోగుల జీతాలు, విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు కొన్ని రోజులు ఆలస్యమయ్యాయి.

ఈ సంఘటనలో ఎవరి వాదన సరైనదన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించదగినవి రెండు. ఖజానాలో ధనం ఉన్నా, సభల అనుమతి లేనిదే అది కదలలేదు. ప్రజాధనానికి రాజ్యాంగం వేసిన తాళం ఎంత గట్టిదో దీనివల్ల తెలుస్తుంది. మండలి ఆలస్యం బిల్లును ఆపనూ లేదు. పరోక్షంగా ఎన్నికైనవారు, నియమితులైనవారు కూడా ఉండే సభ కంటె, ప్రజలు నేరుగా ఎన్నుకొన్న సభకే ధనం విషయంలో తుది మాట ఉండాలన్న సూత్రం నిలిచింది.

7. ఖర్చు తరువాతి లెక్క

అనుమతి ఇవ్వడంతో సభ బాధ్యత తీరదు. ఇచ్చిన ధనం ఇచ్చిన పనికే ఖర్చయిందా అన్నది తేల్చుకోవాలి. ఇందుకు మూడు ఆర్థిక సంఘాలున్నాయి. పొదుపు మార్గాలను సూచించేది అంచనాల కమిటీ. ప్రభుత్వం పెట్టుబడి పెట్టిన సంస్థల పనితీరును పరిశీలించేది ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ. వీటికంటె ప్రాచీనమైనది ప్రజాపద్దుల కమిటీ. బ్రిటన్‌లో 1861లో పుట్టిన ఈ వ్యవస్థ, 1919 నాటి సంస్కరణల ఫలితంగా 1921లో భారతదేశపు కేంద్ర స్థాయిలో ఏర్పడింది.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే ‘కాగ్’, రాష్ట్ర లెక్కలను తనిఖీ చేసి నివేదికను గవర్నరుకు సమర్పిస్తాడు. 151వ అధికరణం ప్రకారం గవర్నరు దానిని శాసనసభ ముందుంచుతాడు. ప్రజాపద్దుల కమిటీ ఆ నివేదికను ఆధారంగా తీసుకొని అధికారులను ప్రశ్నిస్తుంది. మంజూరైన దానికంటె ఎక్కువ ఖర్చు ఎందుకైంది? మంజూరైనది ఖర్చు కాకుండా ఎందుకు మిగిలింది? కొన్న యంత్రం పెట్టెలోనే ఎందుకు ఉండిపోయింది? ఇటువంటి ప్రశ్నలకు శాఖాధికారులు సమాధానం చెప్పాలి. మంజూరైన దానికి మించి ఖర్చయిన మొత్తానికి 205వ అధికరణం ప్రకారం మళ్లీ సభ ఆమోదం పొందాలి.

ఈ కమిటీకి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడుగా ఉండే సంప్రదాయం లోక్‌సభలో 1967 నుండి కొనసాగుతోంది. అనేక రాష్ట్రాలు కూడా దానిని అనుసరిస్తున్నాయి. ఖర్చుచేసేవారే లెక్క చూసేవారు కారాదన్న సామాన్య ధర్మమే ఈ సంప్రదాయానికి మూలం.

జరిగిపోయిన ఖర్చును పరిశీలించి ప్రయోజనమేమిటని కొందరు ఆక్షేపిస్తారు. పోయిన ధనం తిరిగి రాకపోవచ్చు. అయితే రేపు లెక్క అడిగేవారున్నారన్న ఎరుక నేటి సంతకంపై ప్రభావం చూపుతుంది. ఆ ఎరుకను సజీవంగా ఉంచడమే కమిటీ చేసే మేలు. కమిటీ సమావేశాలు జరగకపోయినా, నివేదికలు సభకు ఆలస్యంగా వచ్చినా, వచ్చిన నివేదికపై చర్చ లేకపోయినా ఆ మేలు క్షీణిస్తుంది.

8. పౌరుని కర్తవ్యం

దుకాణంలో సబ్బు కొన్న విద్యార్థి కూడా పన్ను చెల్లిస్తున్నాడు. కనుక సంచిత నిధిలో అతనికీ భాగం ఉంది. బడ్జెట్ పత్రాలు, కాగ్ నివేదికలు నేడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిలో తన జిల్లాకు, తాను చదివే కళాశాలల శాఖకు సంబంధించిన ఒక్క పుటనైనా చదివిన పౌరుడు తన ప్రతినిధిని అడగవలసిన ప్రశ్నను స్వయంగా గుర్తిస్తాడు. ఎంత, ఎక్కడి నుండి, ఎందుకు అనే మూడు ప్రశ్నలు సభాసంఘం గదిలో వినిపించాలంటే, అవి ముందు ఓటరు నోట వినిపించాలి. నియోజకవర్గంలో ఎవరూ అడగని లెక్కను సభలో అడగడానికి ఏ ప్రతినిధికీ తొందర ఉండదు.

కఠిన పదాలు – అర్థాలు

కోశం – ధనాగారం, బొక్కసం
ఆంతర్యం – లోపలి ఉద్దేశం
ఆవశ్యకత – అవసరం
కాలాభావం – సమయం లేకపోవడం
మార్గాంతరం – మరొక దారి
నిరవధికంగా – గడువు చెప్పకుండా
ఎరుక – తెలివిడి, స్పృహ

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. సంచిత నిధి అంటే ఏమిటి?
2. ఒక బిల్లు ద్రవ్య బిల్లు అవునో కాదో నిర్ణయించేది ఎవరు?
3. ‘గిలటిన్’ అని దేనిని అంటారు?
4. ఆముక్తమాల్యదలో ఆదాయ విభజన గురించి ఏమి చెప్పబడింది?

ఆ) కింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.
1. కొత్త విశ్వవిద్యాలయ బిల్లును పరిశీలించే సభ్యుడు అడగవలసిన ప్రశ్నలను మీ మాటలలో వివరించండి.
2. కేరళలోని సబ్జెక్టు కమిటీల పనితీరును, దాని పరిమితిని తెలపండి.
3. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సంఘటన వల్ల తెలిసే రాజ్యాంగ సూత్రాలను చర్చించండి.
4. ఖర్చయిన తరువాత లెక్క చూడటం వల్ల ప్రయోజనం ఉందా? మీ అభిప్రాయాన్ని సమర్థించండి.